ప్రిన్సిపాల్ గారికి అర్థమయ్యే సంస్కృతం

ఏలూరులో ఒక జూనియర్ కాలేజీలో నేను సంస్కృతం చెబుతాను. ఆడపిల్లల కాలేజీ, పక్కనే హాస్టల్. ప్రతి ఏడూ మొదటి క్లాసులో పిల్లల్ని ఒకే ప్రశ్న అడుగుతాను: సెకండ్ లాంగ్వేజ్‌గా తెలుగు వదిలేసి సంస్కృతం ఎందుకు తీసుకున్నారమ్మా అని. ముందు బెంచీ నుంచి వెనక బెంచీ దాకా ఒకటే జవాబు. "మార్కులండీ మేడమ్." ఒక్కరంటే ఒక్కరు సిగ్గుపడరు. ఎందుకు సిగ్గుపడాలి? వాళ్ళ అన్నలూ అక్కలూ ఇదే మాట చెప్పి, ఆ మార్కులే తెచ్చుకుని, హాయిగా ఇంజనీరింగులో చేరిపోయారు.

బయటివాళ్ళకి చెబితే నమ్మరుగానీ, మా దగ్గర సంస్కృతం పరీక్ష రాయడానికి సంస్కృతం రానక్కర్లేదు. జవాబులు చాలావరకు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసేయొచ్చు. శ్లోకం రాయాల్సి వస్తే తెలుగు అక్షరాల్లో దించేయొచ్చు. గైడు బట్టీ పట్టి పరీక్ష హాల్లో కక్కేసి వస్తే నూటికి దగ్గర దగ్గరగా పడిపోతాయి. ఆ తర్వాత ఆ పిల్ల జన్మలో మళ్ళీ సంస్కృతం మొహం చూడదు. నాకేమో జీతం, కాలేజీకేమో ర్యాంకులు, పిల్లలకేమో మార్కులు. అందరికీ లాభమే, ఆ భాషకి తప్ప.

నాకు కోపం ఎక్కువ. మా ఇంట్లోవాళ్ళు దీన్ని కాదనరు. ముఖ్యంగా ఇద్దరి మీద కోపం. సంస్కృతం చచ్చిపోయిన భాష అనేవాళ్ళ మీద ఒకటి, దేవభాష అనేవాళ్ళ మీద ఇంకొకటి. మొదటివాళ్ళు దాన్ని పూడ్చిపెట్టేస్తారు, రెండోవాళ్ళు దేవుడి గదిలో పెట్టి తాళం వేస్తారు. ఇద్దరిలో ఎవరూ ఆ భాషలో ఒక్క గ్లాసు మంచినీళ్ళు కూడా అడగరు.

ఇక మూడో రకం వాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకి నేనే ఒక వింత. "మీరు చర్చికి వెళ్తారు కదండీ, మరి సంస్కృతం ఎలాగండీ?" అని అడుగుతారు, ఎంతో మర్యాదగా, కాఫీ చేతికి ఇస్తూ. మాది తాడేపల్లిగూడెం పక్కన పల్లె. మా తాతగారి నాటి నుంచీ మేము క్రైస్తవులం. మా నాయనమ్మ పొలాల్లో కూలికి వెళ్ళేది, బడి మొహం ఎరగదు. ఆమె ప్రార్థన మొదలుపెడితే మాత్రం కృప, స్తోత్రం, పరిశుద్ధం, నిత్యజీవం, పాపక్షమాపణ, అలా ధారగా వచ్చేసేవి. ఆ మాటలు ఏ భాషవో ఆమెకి తెలీదు. నాకు మాత్రం సంస్కృతం మొదట మా నాయనమ్మ నోటి నుంచే వినిపించింది. తర్వాత మా ఊరికి దగ్గరలో ఉన్న హైస్కూలు ఓరియంటల్ స్కూలు కావడం వల్ల, అక్కడ సంస్కృతం చెబుతారు కాబట్టి, నేర్చుకున్నాను. అంతకు మించి ఇందులో రహస్యమేమీ లేదని అడిగినవాళ్ళందరికీ చెబుతాను. కాఫీ మాత్రం తాగే వస్తాను.

ఈ కథకి కారణం మా ప్రిన్సిపాల్ గారు. ఆయన ఫిజిక్సు మనిషి, మెత్తటి మాట, నాకంటే వయసులో పెద్ద. ఒకరోజు గదికి పిలిచి కుర్చీ చూపించారు. ఆయన కుర్చీ చూపించారంటే చెప్పబోయేది మంచి మాట కాదని మా స్టాఫ్ రూములో అందరికీ తెలుసు.

"మేడమ్ గారండీ, తప్పుగా అనుకోకండి. సంస్కృతానికి పీరియడ్ ఎందుకండీ? మెటీరియల్ ప్రింటు చేసి ఇచ్చేద్దాం. పిల్లలు ఎలాగూ చదివేసుకుంటారు. ఆ టైము మ్యాథ్స్‌కి ఇచ్చేస్తే వాళ్ళకీ మంచిది."

"మరి నేనండీ?" అన్నాను.

"మీరెక్కడికీ వెళ్ళరండీ. స్టడీ అవర్స్ చూసుకోండి."

స్టడీ అవర్స్ చూసుకోవడమంటే పిల్లలు చదువుతుంటే బెంచీల మధ్య తిరగడం. కునికిపాట్లు పడేవాళ్ళ భుజం తట్టడం. ఎం.ఏ. చదివి, ఇన్నేళ్ళు పాఠం చెప్పి, ఆఖరికి భుజాలు తట్టే ఉద్యోగం.

"పిల్లలు అది నేర్చుకుని ఎవరితో మాట్లాడతారు, మీరే చెప్పండి," అన్నారాయన. వెక్కిరింతగా కాదు, నిజంగానే అడిగారు.

"మీతో మాట్లాడతారండీ," అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు. కోపంలో వచ్చింది.

ఆయన నవ్వారు. "నాకు సంస్కృతం ఒక్క ముక్క రాదండీ. సరే, ఇలా చేద్దాం. వచ్చే పేరెంట్స్ మీటింగులో మీ పిల్ల ఎవరైనా నాతో సంస్కృతంలో మాట్లాడాలి. శ్లోకాలూ అవీ కాదు, మాటలు. నాకు అర్థమైతే మీ పీరియడ్ మీదే. అర్థం కాకపోతే మీరు నొచ్చుకోకూడదు."

నేను సరేనని లేచి వచ్చేశాను. గది బయటికి వచ్చాక గానీ నాకు అసలు సంగతి తట్టలేదు. అన్నేళ్ళుగా పాఠం చెబుతున్నానే గానీ, నా దగ్గర చదివిన పిల్ల ఒక్కతి కూడా నాతో సంస్కృతంలో ఒక వాక్యం మాట్లాడలేదు. మాట్లాడే అవసరం ఎవరికీ రాలేదు. ఇప్పుడు మాట్లాడటమే కాదు, ఏమీ రాని మనిషికి అర్థం కూడా కావాలి.

తాడేపల్లిగూడెం నుంచి ఏలూరుకి రోజూ పాసింజరు మీద వచ్చేదాన్ని. ఆ వారంలో ఒక రోజు రైలు ఎంతకీ రాకపోతే బస్సెక్కాను. చివరి వరసలో సీటు దొరికింది. నా పక్కనే ఎర్ర అక్షరాలతో 'అత్యవసర ద్వారము' అని రాసి ఉంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఆ రోజు మాత్రం భీమడోలు దాటేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆ బస్సులోవాళ్ళెవరూ ఇంట్లో 'ద్వారం వేసి రా' అనరు. కానీ పొగ వస్తే మాత్రం ఏ ఒక్కరూ అర్థం అడగరు, తిన్నగా అక్కడికే పరిగెడతారు. ధూమపానం నిషేధం, ప్రథమ చికిత్స, మత్స్యశాఖ కార్యాలయం, పక్షుల అభయారణ్యం... మా జిల్లా గోడల మీద ఉన్నంత సంస్కృతం నా క్లాసులో కూడా లేదు. మన ఇళ్ళల్లో అటక మీద బోలెడు సంస్కృతం పడి ఉంది. ఎవరూ దింపి వాడరు, అంతే.

బస్సు దిగేసరికి నా పాఠం తయారైపోయింది. వినేవాడి ఇంట్లో ఇదివరకే ఉన్న మాటతోనే మాట్లాడాలి. పెద్ద పెద్ద సమాసాలు వద్దు. నా తెలివి చూపించుకోవడం అసలే వద్దు. ఆ చివరిది నాకు అన్నిటికంటే కష్టం.

మర్నాడు క్లాసులో గైడులు మూయించాను. "ఈ పీరియడ్లో ఏది కావాలన్నా సంస్కృతంలోనే అడగాలి. నీళ్ళు కావాలంటే జలం. తలనొప్పి అంటే శిరోవేదన. భయం ఉంటే భయం అస్తి, లేకపోతే భయం నాస్తి. తప్పు మాట్లాడినా నేనేమీ అనను." పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. పరీక్షలో రాని దాన్ని నేర్పే టీచరుని వాళ్ళు ఎప్పుడూ చూసి ఉండరు.

చాలా రోజులు ఎవరూ నోరు విప్పలేదు. నేనే మాట్లాడి, నేనే జవాబు చెప్పుకునేదాన్ని. ఇంటికి వచ్చి కూడా వంకాయలు కోస్తూ వాటితో సంస్కృతంలో మాట్లాడేదాన్ని. మా ఆయన గుమ్మంలో నిలబడి ఒకసారి విని, హాల్లోకి వెళ్ళి టీవీ సౌండు పెంచుకున్నారు.

ఆ నిశ్శబ్దాన్ని పగలగొట్టింది ఒక పిల్ల. మూడో బెంచీలో గోడ వైపు కూర్చునేది. కొల్లేటి లంక ఊరి పిల్ల. తండ్రి చేపల చెరువు మీద మేత వేసే పని చేస్తాడు. కాలేజీలో చేరిన దగ్గర నుంచీ ఆ పిల్ల గొంతు ఎవరూ విన్నది లేదు. దానికి కారణం ఉంది. మా కాలేజీలో, హాస్టల్లో కూడా, పిల్లలు తెలుగు మాట్లాడకూడదని రూలు. నా క్లాసులో మాత్రం నేను పట్టించుకునేదాన్ని కాదు. ఇంగ్లీషు ఓన్లీ అని ప్రతి గోడకీ బోర్డు ఉండేది. తెలుగులో దొరికిపోతే అందరి ముందూ నిలబెట్టేవారు. ఆ పిల్ల మొదటి వారంలోనే తెలుగులో ఏదో అని నిలబడింది. తర్వాత ఇంగ్లీషులో ఏదో అంటే పక్క పిల్లలు దాని యాసకి నవ్వారు. అంతటితో నోరు మూసేసుకుంది.

ఒకరోజు నేను 'మమ గ్రామః' అని, మీ ఊళ్ళో ఏముంది చెప్పండని అడిగితే, ఆ పిల్ల నెమ్మదిగా లేచింది.

"మమ గ్రామే మత్స్యాః సంతి," అంది. మా ఊళ్ళో చేపలున్నాయి. ఆగింది. మళ్ళీ అంది: "అత్ర భోజనే మత్స్యః నాస్తి. తస్మాత్ మమ దుఃఖం అస్తి."

ఇక్కడ భోజనంలో చేప లేదు, అందుకని నాకు దుఃఖంగా ఉంది. క్లాసంతా ఘొల్లుమంది. ఆ నవ్వు వేరు, అది దాని మీద నవ్విన నవ్వు కాదు, దానితో కలిసి నవ్విన నవ్వు. హాస్టల్ పిల్లలందరిదీ అదే దుఃఖం. ఆ పిల్ల కూడా నవ్వింది. అప్పటిదాకా దాని పళ్ళు కూడా నేను చూడలేదు.

ఎందుకు అదే ముందు మాట్లాడిందో తర్వాత అర్థమైంది. ఇంగ్లీషు వచ్చిన పిల్లలు ఇంగ్లీషు రానివాళ్ళని చిన్నచూపు చూస్తారు. సంస్కృతంలో ఆ ఇబ్బంది లేదు. అది ఎవరి ఇంటి భాషా కాదు. కాన్వెంటు పిల్లకీ రాదు, లంక పిల్లకీ రాదు. అందరూ సమానంగా తప్పులు మాట్లాడేవాళ్ళే. అక్కడ ఎవరి యాసకీ ఎవరూ నవ్వలేరు. పుస్తకాల్లో దాన్ని గొప్పవాళ్ళ భాష అని రాస్తారు. నా క్లాసులో అది ఎవరూ ఎవరికంటే గొప్ప కాని భాష అయింది.

ఇక ఆపడం నా వల్ల కాలేదు. పిల్లలకి ఇంకో సంగతి తట్టింది. రూలు తెలుగు వద్దనే గానీ, సంస్కృతం వద్దని ఎక్కడా లేదు! హాస్టల్ వరండాల్లో "త్వం కుత్ర గచ్ఛసి?" అంటే "స్నానార్థం గచ్ఛామి" అని వినిపించేది. పరీక్ష రోజున "మమ భయం అస్తి" అని ఒకతి అంటే "మమ అపి" అని నాలుగు గొంతులు. తప్పులు దొర్లేవి, దొర్లనిచ్చాను. నా జీవితంలో అంత ఆనందంగా తప్పులు విన్నది అప్పుడే.

వార్డెన్ గారు ఒక రోజు స్టాఫ్ రూముకి వచ్చారు. చాలా భక్తురాలు, ప్రతి నెలా ద్వారకా తిరుమల వెళ్ళొస్తారు. "మేడమ్ గారండీ, మీరు పిల్లలకి భోజన మంత్రం భలే నేర్పారండీ," అన్నారు. నేను ఏ మంత్రమూ నేర్పలేదు. ఏ మంత్రమండీ అన్నాను.

"అదేనండీ, నిన్న రాత్రి కంచాల ముందు కూర్చుని అందరూ కలిసి చదివారు కదండీ. నేను గబగబా చెప్పులు విప్పేసి దణ్ణం పెట్టుకున్నాను. మంత్రం అయ్యేదాకా ఎవరూ ముట్టుకోవద్దని వంటవాళ్ళకి కూడా చెప్పానండీ."

క్లాసుకి వెళ్ళి ఏం చదివారర్రా అని అడిగాను. పిల్లలు తలలు దించుకున్నారు. చివరికి లంక పిల్లే లేచి, రాగం తీయకుండా, మామూలు మాటలా అప్పజెప్పింది: "అన్నం శీతలం, సూపే జలం అధికం, లవణం నాస్తి, కిం కరోమి?" అన్నం చల్లారిపోయింది, పప్పులో నీళ్ళెక్కువ, ఉప్పు లేదు, నేనేం చెయ్యను. దానికి మా వార్డెన్ గారు చెప్పులు విప్పి దణ్ణం పెట్టారు.

నేను కూడా పిల్లలతో సమానంగా నవ్వాను, కళ్ళ నీళ్ళొచ్చేదాకా. కానీ రైల్లో ఇంటికి వెళ్తుంటే భయం పట్టుకుంది. 'లవణం నాస్తి' అనే మాట ఆవిడకి అర్థం కాని మాట కాదు. ఆవిడ అసలు వినలేదు. సంస్కృతం చెవిన పడగానే మనవాళ్ళు వినడం మానేసి చేతులు జోడిస్తారు. మా ప్రిన్సిపాల్ గారు కూడా అలాగే, పిల్ల నోరు విప్పగానే భక్తిగా తలాడించి, చివర్లో "చాలా బాగుందమ్మా, నాకైతే ఏమీ అర్థం కాలేదు" అనేస్తే నా పీరియడ్ పోయినట్టే. గౌరవంగానే పోతుంది, కానీ పోతుంది.

అందుకని ఆ రోజు నుంచీ పిల్లలకి ఒకటే పాఠం. రాగం తీయకూడదు. కళ్ళు మూసుకోకూడదు. ఎదుటివాళ్ళ మొహం చూసి మాట్లాడాలి. వాళ్ళకి అందలేదనిపిస్తే ఇంకో మాట వెతుక్కోవాలి. ప్రిన్సిపాల్ గారితో మాట్లాడే పిల్లగా ఆ మూడో బెంచీ పిల్లనే ఎంచాను. మిగతా పిల్లలెవరూ కాదనలేదు. వాళ్ళే అడిగారు దాన్ని పంపమని.

ఇంతలో ఒక ఆదివారం చర్చి అయ్యాక వారం పరీక్ష పేపర్ల కోసం కాలేజీకి వచ్చాను. గేటు దగ్గర ఒకాయన నన్ను చూసి నిలబడ్డాడు. చేతిలో ఖాళీ క్యారియరు. ఆ పిల్ల తండ్రి.

"ఏవండీ మేడమ్ గారండీ, ఒక్క మాటండీ," అన్నాడు. "మా అమ్మాయికి నా మీద కోపమాండీ?"

ఎందుకలా అనుకుంటున్నారని అడిగాను.

"ఇంటి దగ్గర గలగలా మాట్లాడే పిల్లండీ. ఇక్కడికొస్తే నోరు విప్పదండీ. కూర ఎలా ఉందమ్మా అంటే తలాడిస్తాది. ఒంట్లో బాగుందా అంటే తలాడిస్తాది. నేనే ఏదో వాగి వాగి వెళ్ళిపోతున్నానండీ. బలవంతాన ఇక్కడ చేర్పించానని మనసులో పెట్టుకుందేమోనండీ."

విజిటర్స్ హాల్లో కూడా బోర్డు ఉంది. బోర్డు కింద కుర్చీలో వార్డెన్ గారు ఉంటారు. ఒకసారి నిలబడ్డ పిల్ల రెండోసారి నిలబడటానికి సిద్ధంగా లేదు. ఆయనకి ఇంగ్లీషు రాదు. అందుకని వారం వారం ఆ తండ్రి ఎక్కడో కొల్లేటి నుంచి అన్నం మోసుకొచ్చి, మూగదానితో మాట్లాడినట్టు మాట్లాడి వెళ్తున్నాడు.

"మీ అమ్మాయికి కోపమేమీ లేదండీ," అన్నాను. ఆయన "అంతేనంటారా అండీ" అన్నాడు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది. మర్నాడు ఆయన అనుమానం ఆ పిల్ల చెవిన వేశాను.

పేరెంట్స్ మీటింగు రోజు వచ్చింది. కింద హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఉండి నుంచి, భీమవరం వైపు నుంచి, గూడెం నుంచి, లంకల నుంచి తల్లిదండ్రులు వచ్చారు. ప్రిన్సిపాల్ గారు మైకులో చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడారు. సగం మంది గోడ మీద ఫ్యాను కేసి చూస్తున్నారు. చివర్లో ఆయన మైకు పక్కన పెట్టేసి, "ఇప్పుడు మా సంస్కృతం మేడమ్ గారి విద్యార్థిని నాతో కాసేపు సంభాషిస్తుంది," అన్నారు. సంభాషిస్తుంది అన్నారాయన, ఏ భాష మాటో తెలీకుండానే. నాకు కాస్త ధైర్యం వచ్చింది.

పిల్ల స్టేజీ మీదికి వెళ్ళింది. మైకు తీసుకోలేదు. ఆయన కుర్చీకి ఎదురుగా నిలబడింది. మేము తయారు చేసుకున్నది వాళ్ళ ఊరి గురించి.

"మమ గ్రామః సరోవరస్య సమీపే అస్తి. తత్ర జలం అధికం. మత్స్యాః సంతి. శీతకాలే పక్షిణః ఆగచ్ఛంతి."

నేననుకున్నట్టే ముందు వరసలో ఒకావిడ చేతులు జోడించింది. ప్రిన్సిపాల్ గారి మొహంలో కూడా ఆ భక్తి చిరునవ్వు మొదలైంది. పిల్ల అది గమనించింది. ఆగింది. ఒక అడుగు ముందుకు వేసి, ఆయన కళ్ళలోకి చూస్తూ, నెమ్మదిగా, నేను నేర్పనిది మొదలుపెట్టింది.

"ఆదిత్యవారే మమ పితా అత్ర ఆగచ్ఛతి. భోజనం ఆనయతి. సంభాషణం కరోతి."

ప్రిన్సిపాల్ గారి చిరునవ్వు ఆగిపోయింది. ఆయన ముందుకు వంగారు.

"అత్ర మాతృభాషా నిషిద్ధా. తస్మాత్ అహం మౌనేన తిష్ఠామి."

మాతృభాష, నిషేధం, మౌనం. ఏ తెలుగువాడికి ఇవి తెలియవు? ముందు వరసలో జోడించిన చేతులు విడిపోయాయి. ఆవిడ వింటోంది. అందరూ వింటున్నారు.

"'పుత్ర్యాః కోపః అస్తి' ఇతి పితా చింతయతి." పిల్ల అక్కడ ఒక్కసారి వెనక వరసల కేసి చూసింది. "మమ కోపః నాస్తి. కదాపి నాస్తి. ఆదిత్యవారే మాతృభాషాయాం సంభాషణార్థం భవాన్ కృపయా అనుమతిం దదాతు."

నమస్కారం పెట్టి అక్కడే నిలబడింది. అర్థం కాలేదు అని ఒక్క మాట అంటే చాలు ఆయనకి. పీరియడ్ పోతుంది, రూలు నిలుస్తుంది, అంతమంది ముందు పరువూ నిలుస్తుంది. ఎవరూ ఆయన్ని తప్పు పట్టరు. సంస్కృతం అర్థం కాకపోవడం మన దగ్గర ఎవరికీ తప్పు కాదు.

ఆయన మైకు పట్టుకున్నారు. తర్వాత తెలుగులో, ఆ కాలేజీలో మైకు ముందు నేను మొదటిసారి విన్న తెలుగులో, "నాకు అర్థమైందండీ. మొత్తం అర్థమైంది," అన్నారు. పిల్ల వైపు తిరిగి, "అనుమతి ఇచ్చానమ్మా. ఆదివారం ఒక్కటే కాదు. మీ నాన్నగారితో ఎప్పుడు మాట్లాడినా," అన్నారు.

వెనక వరసలో కుర్చీ చప్పుడైంది. ఆ పిల్ల తండ్రి లేచి నిలబడ్డాడు. ఎవరూ అడగకుండానే, హాలంతటికీ వినపడేలా, "నేను కోపమనుకున్నానమ్మా!" అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలీలేదు. పిల్ల స్టేజీ మీద నుంచి, రూలు లేనే లేనట్టు, "లేదు నాన్నా!" అని అరిచింది. చప్పట్లు మొదలయ్యాయి. వార్డెన్ గారు కూడా కొట్టారు. నేను కొట్టలేదు. గోడకి ఆనుకుని సిగ్గులేకుండా ఏడ్చాను, అంత గర్వం నాకు నా ఎం.ఏ. పట్టా తీసుకున్న రోజు కూడా కలగలేదు.

నా పీరియడ్ నాకే మిగిలింది. మర్నాడు ప్రిన్సిపాల్ గారు మళ్ళీ గదికి పిలిచారు, ఈసారి కుర్చీ చూపించకుండా ఆయనే లేచి నిలబడ్డారు. "ఏవండీ మేడమ్, నాకు సంస్కృతం వచ్చని మీరు ముందే చెప్పాల్సిందండీ," అన్నారు. మీరెప్పుడూ అడగలేదు కదండీ అన్నాను. మ్యాథ్స్ లెక్చరర్ గారు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నేను లెక్కచేయలేదు. సంస్కృతం ఇప్పుడు ఎవరికి కావాలండీ అని అడిగేవాళ్ళకి నేనిప్పుడు వాదించను. ఒక పిల్ల, తనకి ఇంకే భాషలోనూ అడగడానికి వీల్లేని మాటని, అందులో అడిగి గెలుచుకుంది. అంతకంటే ఏ భాషైనా ఏం చేస్తుంది?

తర్వాతి ఆదివారం ఏదో పని ఉందని ఇంట్లో చెప్పి కాలేజీకి వచ్చాను. పనేమీ లేదు. విజిటర్స్ హాలు ముందు నుంచి నెమ్మదిగా నడిచాను. లోపల సంత లాగా ఉంది. ఆ గోలలో ఆ పిల్ల గొంతే అందరికంటే పెద్దగా వినిపిస్తోంది. రూమ్మేట్ గురించి, ఫిజిక్స్ టెస్టు గురించి, తమ్ముడి చెవి నొప్పి తగ్గిందా అని, అన్నీ ఒకదాని మీద ఒకటి, ఊపిరి తీసుకోకుండా, అంతా తెలుగే. మచ్చుకి ఒక్క సంస్కృతం ముక్క కూడా లేదు. నా కడుపు నిండిపోయింది.

తండ్రి నన్ను చూసి గబుక్కున లేచాడు. "మేడమ్ గారండీ, మీరైనా చెప్పండీ దీనికి. కైకలూరు బస్సు కదిలిపోతోందండీ. ఇది ఆపట్లేదండీ."

పిల్ల నా వైపు చూడను కూడా లేదు. ఆయన చెయ్యి పట్టుకుని లాగింది. "కూర్చో నాన్నా, అసలు సంగతి ఇంకా చెప్పలేదు."

ఆయన కూర్చున్నాడు. బస్సు వెళ్ళిపోయింది.